చిన్న పడవ, సన్న దారం: షోల్‌హేవెన్ నదిలో ఫ్లాట్‌హెడ్ చిక్కడం లేదు, ఎక్కడ తప్పుతున్నాను?

నౌరా కొత్తగాలం

అందరికీ నమస్కారం. నాలుగు నెలల క్రితం 3.7 మీటర్ల అల్యూమినియం పడవ, 5 హార్స్‌పవర్ ఇంజను, రెండూ పాతవే కొన్నాను. ఇక్కడ ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్‌లో, నౌరా వంతెనకూ గ్రీన్‌వెల్ పాయింట్‌కూ మధ్య షోల్‌హేవెన్ నదిలో ఇప్పటికి తొమ్మిది సార్లు తిరిగాను. ప్రతిసారీ డస్కీ ఫ్లాట్‌హెడ్ అనే చదునైన తల చేప కోసమే. పడవలోకి వచ్చినవి రెండే రెండు. రెండూ 30 సెంటీమీటర్ల లోపే, వెంటనే నీళ్లలో వదిలేశాను.

ఇంకొకటి మాత్రం పెద్దది. పడవ పక్కదాకా వచ్చింది. వెడల్పాటి తల నీటిపైకి ఎత్తాను. రెండు సార్లు విదిలించింది, దారం తెగింది. వారం రోజులుగా ఆ తలే కళ్ల ముందు కదులుతోంది.

నా పద్ధతి ఇది. నది మధ్యలో లోతైన గుంట చూసి లంగరు వేస్తాను. 10 కిలోల బరువు ఆపే దారం, గట్టి రాడ్డు, 60 గ్రాముల సీసం, కొక్కేనికి ఒక నిండు రొయ్య. రాడ్డును పడవ అంచున నిలబెట్టి ఎదురుచూస్తాను. నీళ్లు నిండుగా ఉంటే చేపలు ఎక్కువ ఉంటాయని పోటు వేళకే వెళ్తున్నాను. తప్పు ఎక్కడ ఉందో దయచేసి చెప్పండి.

ఆటుపోటు

స్వాగతం. మీ మూడో పేరాలోనే మీకు కావలసిన జవాబు ఉందండి. లంగరు, లోతు, బరువు, పోటు. ఈ నాలుగింటినీ మార్చాలి.

ఫ్లాట్‌హెడ్ తిండి కోసం ఊరంతా తిరిగే చేప కాదు. ఇసుకలోనో బురదలోనో ఒళ్లు కప్పుకుని, కళ్లు మాత్రం బయట పెట్టి, చిన్న చేపో రొయ్యో తన ముందుకు వచ్చేదాకా కదలకుండా పొంచి ఉంటుంది. మన కొర్రమీను తుంగ మాటున కాచుకున్నట్టే, ఇది ఇసుక మాటున కాచుకుంటుంది. అందుకే ఎర దాని దగ్గరకు వెళ్లాలి. మీరు లంగరు వేస్తే మీ ఎర నాలుగడుగుల మేర నేలను మాత్రమే చూస్తుంది. అదే పడవను గాలికీ ప్రవాహానికీ వదిలేస్తే గంటలో కిలోమీటరు నేలను వెతుకుతుంది.

ఇక పోటు సంగతి. నీళ్లు నిండినప్పుడు చిన్న మల్లెట్ చేపలు, రొయ్యలు గడ్డి మడుల్లోకి, మడ చెట్ల వేళ్ల మధ్యకు పోయి చెల్లాచెదురుగా ఉంటాయి. ఆటు మొదలైతే వాటికి అక్కడ చోటు ఉండదు. మెరకల మీది నీరంతా చిన్న చిన్న కాలువలుగా మారి నదిలోకి దిగుతుంది, దానితోపాటు అవీ దిగాలి. ఆ కాలువ నోరు నదిలో కలిసే చోట, అర మీటరు నీళ్లు ఒక్కసారిగా రెండు మూడు మీటర్లుగా మారే అంచు ఉంటుంది. ఫ్లాట్‌హెడ్ అక్కడ పడుకుంటుంది. ఆటు చివరి మూడు గంటలు, మళ్లీ పోటు మొదలైన తొలి గంట. నేను ఆ వేళకే వెళ్తాను, మిగతా సమయం ఇంట్లో దారాలు ముడేసుకుంటాను.

ఒక హెచ్చరిక. ఆటుపోట్ల పట్టికలో ఇచ్చే సమయం సముద్రపు ఒడ్డుది. నదిలో పైకి పోయే కొద్దీ ఆలస్యం అవుతుంది. మీరు వెళ్లే చోట నీరు ఎప్పుడు మళ్లిందో ప్రతిసారీ ఒక పుస్తకంలో రాసుకోండి. నాలుగు సార్లు రాస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఎరగంప

ఆటుపోటు గారు చెప్పిన చోట్లన్నీ నిజమే. నేను పుట్టింది గోదావరి పాయ ఒడ్డున. చిన్నప్పుడు ఇసుక దొందులనే చిన్న చేపల కోసం మోకాలి లోతు నీళ్లలో నడిచేవాళ్లం. అడుగు పడగానే ఇసుకే లేచి పరిగెత్తినట్టుండేది. ఇక్కడ మొదటి ఫ్లాట్‌హెడ్‌ను చూసినప్పుడు దానికి పెద్దన్న కనిపించినట్టు అనిపించింది.

అయితే ఎర వేయడమే తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తప్పు 60 గ్రాముల సీసానిది. ప్రవాహం నెమ్మదిగా ఉంటే 6 నుంచి 10 గ్రాముల గుండు సీసం చాలు. దారం మీద అటూ ఇటూ జారేలా వదలండి. దాని కింద అర మీటరు లీడరు, అంటే కొక్కేనికి ముందు కట్టే దారపు ముక్క. పిల్ల మల్లెట్ గానీ, వైట్‌బైట్ అనే చిట్టి చేప గానీ, మల్లెట్ కండను వేలెడంత సన్నటి పట్టీగా కోసి గానీ గుచ్చండి. పట్టీ నీళ్లలో గిరగిర తిరగకూడదు, తోకలా ఆడాలి. దానికి ఒక చివరే గుచ్చాలి. పడవ నడుస్తుంటే ఎర నేల మీద పాకుతూ వస్తుంది, ఫ్లాట్‌హెడ్‌కు అంతకు మించిన పిలుపు లేదు.

మరో మాట. ఆ నిండు రొయ్య ఎక్కడిది? వంటకు అమ్మే దిగుమతి రొయ్య అయితే దయచేసి ఆపేయండి. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్ లోగన్ నది పక్క రొయ్యల చెరువుల్లో వైట్ స్పాట్ జబ్బు వచ్చింది. తినే మనిషికి దానివల్ల హాని లేదు. రొయ్యలకు, పీతలకు మాత్రం ప్రాణాంతకం. వంటకు తెచ్చిన పచ్చి రొయ్యను నదిలో ఎరగా వేయవద్దని ఇక్కడి మత్స్యశాఖలు చెబుతూనే ఉన్నాయి. పశ్చిమ గోదావరిలో ఆ తెల్లమచ్చ చెరువులను ఎలా ఎండగట్టిందో చూసినవాణ్ని, అందుకే ఇంతగా చెబుతున్నాను. ఎర దుకాణంలో ఎరగా అమ్మేదే కొనండి. అంతకంటే మేలు, ఆటులో బయటపడిన ఇసుక మీద చేతిపంపుతో యాబీలనే రొయ్యలాంటి చిన్న జీవులను మీరే తీసుకోండి.

నౌరా కొత్తగాలం

ఎరగంప గారూ, అది వంట రొయ్యే. ఇది నాకు నిజంగా తెలియదు. ఇక వేయను. చెప్పినందుకు కృతజ్ఞతలు.

ఆటుపోటు గారూ, మీరు చెప్పిన అంచు ఈ నదిలో ఎక్కడ వెతకాలి?

ఆటుపోటు

చోటు చెబితే మీరు అక్కడే ఆగిపోతారు. నది ఎలా పారుతుందో చెబుతాను.

షోల్‌హేవెన్‌కు రెండు మొగలు ఉన్నాయి. పాతది షోల్‌హేవెన్ హెడ్స్ దగ్గర. అది ఇసుకతో మూసుకుపోతుంది, పెద్ద వరద వచ్చినప్పుడు తెరుచుకుంటుంది. నది నీరు సముద్రంలో కలిసే దారి ఇప్పుడు క్రూక్‌హేవెన్ హెడ్స్. ఈ రెండింటినీ కలిపేది బెర్రీస్ కెనాల్. 1822లో అలెగ్జాండర్ బెర్రీ మనుషులు పారలతో తవ్విన చిన్న కాలువ అది. పాత మొగ దాటడం పడవలకు ప్రమాదమని తవ్వారు. తర్వాత నదే దాన్ని కోసుకుంటూ తన అసలు దారిగా మార్చుకుంది. అందుకే ఆటు వేళ నీటి ఉరవడి అంతా ఆ కాలువలో, గ్రీన్‌వెల్ పాయింట్ వైపు ఉంటుంది. కోమరాంగ్ ద్వీపం వెనుక, ఇసుక మేటల మధ్య మాత్రం నీరు నెమ్మదిగా మళ్లుతుంది. మీ చిన్న ఇంజనుకు ఆ నెమ్మది నీరే తగినది.

వెతకవలసినవి: రంగు మారే గీత, అంటే బురద నీరూ తేట నీరూ పక్కపక్కన నడిచే చోటు. సముద్రపు గడ్డి మడి ముగిసి వట్టి ఇసుక మొదలయ్యే అంచు. మేట మీదుగా దిగే కాలువ నోరు. ఆయిస్టర్లు (ఆల్చిప్పలు) పెంచే చట్రాల బయటి అంచు కూడా మంచిదే, కాని చట్రాల మధ్యకు పడవ పోనీయవద్దు. అవి ఒకరి జీవనాధారం.

సన్నదారం

నేను మెత్తటి ప్లాస్టిక్ ఎరల మనిషిని, ఆలస్యంగా వచ్చాను. సరంజామా గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ వేటలో ఆనందమంతా అక్కడే ఉంది.

2.1 మీటర్ల రాడ్డు, 2 నుంచి 4 కిలోల తరగతిది. 2500 సైజు రీలు. దాని మీద 3 లేదా 4 కిలోల అల్లిక దారం. చివర మీటరున్నర ఫ్లోరోకార్బన్ లీడరు, 5 లేదా 6 కిలోలది. 5 గ్రాముల జిగ్ హెడ్, అంటే సీసపు తల ఉన్న కొక్కెం, దానికి 8 నుంచి 10 సెంటీమీటర్ల మెత్తటి చేప బొమ్మ. రంగు గురించి ఎక్కువ ఆలోచించవద్దు. తేట నీటికి లేత రంగు, మురికి నీటికి ముదురు రంగు చాలు.

అసలు విద్య విసిరాక మొదలవుతుంది. ఎర నేల తాకేదాకా దారాన్ని చూడండి. తాకగానే బిగువుగా ఉన్న దారం మెత్తబడి నీటి మీద వాలుతుంది. అప్పుడు రాడ్డును రెండు సార్లు పైకి చిన్నగా ఎగరేయండి, ఒక అడుగు కంటే ఎక్కువ కాదు. ఆపి, ఎర మళ్లీ నేలకు దిగనివ్వండి. దిగేటప్పుడు దారం పూర్తిగా వదులు కాకుండా, పూర్తిగా బిగువుగానూ లేకుండా చూసుకోవాలి. ఫ్లాట్‌హెడ్ చాలాసార్లు ఆ దిగే క్షణంలోనే పట్టుకుంటుంది. చేతికి ఒక 'టక్' తగులుతుంది, అంతే. కొన్నిసార్లు అది కూడా ఉండదు. నేల తాకాల్సిన దారం ఒక సెకను ముందే వదులైపోతుంది. ఎర మధ్యలో ఆగిందంటే ఎవరో అందుకున్నారని అర్థం. మీ 60 గ్రాముల సీసంతో ఈ కబురు చేతిదాకా ఎలా వస్తుంది? సన్న దారం బలం కోసం కాదండీ, వినడం కోసం.

నెమ్మదిగా చేయండి. మీకు నెమ్మది అనిపించినదానికంటే ఇంకా నెమ్మదిగా. ఒకే చోటికి రెండు మూడు సార్లు విసరండి. మొదటిసారి ఎర పక్కనుంచి పోతే అది తల తిప్పుకుని సిద్ధమవుతుంది, రెండోసారి కొడుతుంది. ఇలా నాకు లెక్కలేనన్ని సార్లు జరిగింది.

ఎరగంప

పిల్లలతో వెళ్లేవారికి, చేతులు వణికే పెద్దవాళ్లకు ఈ ఎగరేయడం కష్టం. వారికి ఎరే హాయి. ఎర వాడేవారు సర్కిల్ హుక్, అంటే మొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం, వాడితే చేప గొంతులోకి మింగకుండా పెదవి మూల తగులుకుంటుంది. రాడ్డు విదిలించకుండా నెమ్మదిగా బరువు ఎక్కించాలి.

సన్నదారం

అది నేనూ ఒప్పుకుంటాను. మా నాన్నగారు వచ్చినప్పుడు ఆయనకు నేనే మల్లెట్ పట్టీ గుచ్చి ఇస్తాను.

నీటిఅంచు

కొత్తగాలం తమ్ముడూ, నీ పెద్ద చేప ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. నేను చెబుతాను.

నీ మాటల్లోనే ఉంది: "తల నీటిపైకి ఎత్తాను". ఫ్లాట్‌హెడ్ నేల నుంచి పడవదాకా చాలాసార్లు తడి గోనెసంచిలా మెల్లగా వస్తుంది. తల గాలిలోకి రాగానే మాత్రం ప్రాణం పెట్టి విదిలిస్తుంది. ఈ చేపలను పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే. తలను నీటికి ఒక జానెడు కిందే ఉంచు. చేతి వలను ముందే నీళ్లలో ముంచి కదలకుండా పట్టుకో. చేపను తల ముందుగా వలలోకి నడిపించు. తోక వైపునుంచి వల పెడితే ఒక్క ఊపులో ముందుకు దూసుకుపోతుంది.

ఇంకొకటి. 10 కిలోల దారాన్ని అది బలంతో తెంపలేదు. దాని పళ్లు సన్నటి ఆకురాయిలా ఉంటాయి, రాసుకుని రాసుకుని దారం అరిగిన చోట తెగింది. ప్రతి చేప తర్వాత కొక్కెం పైన ఒక జానెడు దారాన్ని గోటితో తడిమి చూడు. గరుకు తగిలితే కత్తిరించి మళ్లీ ముడి వేయి. డ్రాగ్‌ను, అంటే చేప లాగితే రీలు దారం వదిలే బిగువును, దారం తెగే బరువులో నాలుగో వంతుకు పెట్టు. 4 కిలోల దారానికి ఒక కిలో. కంటితో అంచనా వేయకుండా చిన్న కొక్కెం త్రాసుతో లాగి చూడు.

చేతులు జాగ్రత్త. మొప్ప మూతల దగ్గర రెండు వైపులా పదునైన ముళ్లు ఉంటాయి. తడిబట్టతో నడుము దగ్గర పట్టుకోవడం కాదు, పెదవి పట్టే పట్టుకారు వాడు, మరో చేత్తో పొట్ట కింద ఆసరా ఇవ్వు. పెద్దదాన్ని పెదవి పట్టి నిలువుగా వేలాడదీస్తే దాని దవడ, వెన్ను దెబ్బతింటాయి. నీకు ముల్లు దిగితే కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చేయి పెట్టు. వాపు పెరుగుతుంటే డాక్టరుకు చూపించు. నర్సుగా ఈ వాపును తేలిగ్గా తీసుకున్న చేతులు చాలా చూశాను.

లైఫ్ జాకెట్ సంగతి నువ్వు రాయలేదు. 4.8 మీటర్ల లోపు పడవలో ఒంటరిగా వెళ్తే న్యూ సౌత్ వేల్స్‌లో అది ఒంటి మీద ఉండి తీరాలి. చీకటి పడ్డాకా అంతే. 12 ఏళ్ల లోపు పిల్లలకైతే అన్ని వేళలా. చట్టం లేకపోయినా వేసుకోమనే చెప్పేదాన్ని.

నౌరా కొత్తగాలం

అక్కా, ఒంటరిగానే వెళ్తున్నాను. జాకెట్ సీటు కింద ఉంటోంది. ఇక ఒంటి మీదే ఉంటుంది, మాట ఇస్తున్నాను.

కొలతల గురించి కూడా ఒకసారి చెప్పండి. చేపల వేటకు 35 డాలర్ల వార్షిక రుసుము కట్టాను, కాని పరిమితులు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

బ్రిస్బేన్ బాబాయి

రాష్ట్రాన్ని బట్టి మారుతుంది బాబూ, అందుకే ఆ గందరగోళం. మీ న్యూ సౌత్ వేల్స్‌లో డస్కీ ఫ్లాట్‌హెడ్ 36 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి, మనిషికి రోజుకు 5. మా క్వీన్స్‌లాండ్‌లో 40 నుంచి 75, ఇక్కడా 5. విక్టోరియాలో ఇంకా కఠినం, 30 నుంచి 55. మూతి చివరనుంచి తోక చివరదాకా, చదునైన కొలత పట్టీ మీద పడుకోబెట్టి కొలవాలి. పట్టీని ముందు తడుపు, పొడి పట్టీ దాని జిగురును ఊడదీస్తుంది.

సిడ్నీవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. హార్బర్ వంతెనకు పడమర వైపు పట్టిన చేపను తినవద్దు, అడుగు మట్టిలో డయాక్సిన్లనే విష రసాయనాలు ఉన్నాయి. ఫ్లాట్‌హెడ్ ఆ మట్టిలోనే పడుకునే చేప.

నీటిఅంచు

చట్టం 70 అంటుంది. నేను 60 దాటినదాన్ని కూడా వదిలేస్తాను. ఆ సైజువి చాలావరకు ఆడవి, 70 దాటితే దాదాపు అన్నీ ఆడవే. వేసవిలో మొగ వైపు దిగి గుడ్లు పెడతాయి. ఒక్క పెద్ద తల్లి లక్షల గుడ్లు పెడుతుంది. దాన్ని నా గిన్నెలో వేసుకోలేను.

ఎరగంప

అమ్మా, మీ మనసు అర్థమైంది. కాని 62 సెంటీమీటర్ల చేపను నిబంధన ప్రకారం ఇంటికి తెచ్చుకున్నవాడు తప్పు చేసినట్టు మాట్లాడకూడదు. ఇంట్లో ఆరుగురు ఉన్న నాకు ఆ ఒక్క చేప రెండు పూటల పులుసు. నాలుగు చిన్నవాటిని చంపే బదులు ఒక్కదాంతో నేను ఇంటికి తిరిగి వస్తాను.

నీటిఅంచు

తప్పు అనలేదండీ. నా గీత నాది. అయితే రుచి మాట వస్తే నేను గట్టిగానే వాదిస్తాను. 40 నుంచి 50 మధ్యదాని కండ మెత్తగా పొరలు పొరలుగా విడుతుంది. పెద్దదాని కండ పీచు కడుతుంది, పులుసులో తేడా తెలిసిపోతుంది.

ఎరగంప

అందులో నిజం ఉంది. పులుసు మరిగాక చివర్లో ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నెను తిప్పితే సరి. కొవ్వు లేని చేప, మన పులసలా గంటలు కాగదు. పది నిమిషాలు దాటితే పిండైపోతుంది.

నౌరా కొత్తగాలం

*(రెండు వారాల తర్వాత)*

అందరికీ చెప్పాలి, అందుకే పడవ కడగకుండానే రాస్తున్నాను.

కొత్త సన్న రాడ్డు, 4 కిలోల అల్లిక దారం తీసుకున్నాను. శనివారం ఉదయం ఆటు సగం అయ్యాక దిగాను. కోమరాంగ్ వెనుక మేట మీదుగా ఒక కాలువ దిగుతోంది. గాలి ఎక్కువై పడవ వేగంగా కొట్టుకుపోతుంటే, ఒక బకెట్‌ను తాడుతో ముందు భాగానికి కట్టి నీళ్లలో వదిలాను. పడవ నడక సగానికి తగ్గింది. అంచు వెంబడి ఆరు సార్లు పైనుంచి కిందికి వచ్చాను. ఏమీ లేదు. చేయి మాత్రం నేలను గుర్తుపట్టడం మొదలుపెట్టింది: ఇక్కడ ఇసుక, ఇక్కడ గడ్డి, ఇక్కడ గుల్ల.

ఏడోసారి దారం ముందే వదులైంది. సన్నదారం గారూ, మీరు రాసిన వాక్యం అప్పుడే గుర్తొచ్చింది. రాడ్డు ఎత్తాను, బరువు! తల నీటి కిందే ఉంచాను, వల తల వైపునుంచి పెట్టాను. 44 సెంటీమీటర్లు. తోక మీద ముదురు మచ్చ, కింద నీలి అంచు, అచ్చం డస్కీ. తర్వాత గంటలో 48ది ఒకటి. 33ది వచ్చింది, వదిలేశాను. ఇంకొకటి కొక్కేన్ని గొంతులోకి మింగింది, అదీ కొలతకు తక్కువే. ఏమి చేయాలో తెలియక దారం కత్తిరించి వదిలాను. అది సరైనదేనా?

నీళ్లు బాగా తగ్గాక మేట మీద దిగి నడిచాను. తడి ఇసుకలో విచిత్రమైన గుంటలు కనిపించాయి. ముందు వెడల్పుగా, వెనక్కి సన్నగా, చేప ఆకారంలోనే. తెడ్డు పక్కన పెట్టి చూస్తే ఒకటి తెడ్డు ఆకుకంటే పొడవు. అలాంటివి అయిదు లెక్కపెట్టాను. ఇవి అవేనా?

నీటిఅంచు

దారం కత్తిరించి వదలడమే సరైనది తమ్ముడూ. లోపలికి కెలికి ఉంటే చచ్చిపోయేది.

ఆటుపోటు

అవేనండి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు అవి ఆ మెరక మీదికి ఎక్కి పడుకున్న పడకలు. ఆటులో దగ్గరి అంచుకు జారి, పోటులో మళ్లీ పైకి వస్తాయి. అంటే మీరు ఈసారి ఎక్కడ వెతకాలో ఆ చేపలే గీసి చూపించాయి. ఒక్క విషయం చెప్పండి, వెడల్పాటి తల వైపు ఎటు తిరిగి ఉంది?

నౌరా కొత్తగాలం

ఫోటోలు మళ్లీ చూశాను. అయిదింటిలో నాలుగు కాలువ వైపు. అన్నిటికంటే పొడవుది మాత్రం గడ్డి మడి వైపు తిరిగి, మడికి మూడు అడుగుల దూరంలో ఉంది.

ఆటుపోటు

అయితే వచ్చే శనివారం నీళ్లు ఆ మేట మీద మోకాలి లోతు చేరగానే, ఇంజను దూరంలోనే ఆపి తెడ్డుతో రండి. ఎరను గడ్డి మీద పడేలా విసిరి, ఆ మూడు అడుగుల ఇసుక మీదికి నెమ్మదిగా దింపండి. కొలత పట్టీ ముందే తడిపి ఉంచుకోండి.